అమ్మకం మీద పన్ను బ్యాలెట్‌పైకి వస్తే నా ఓటు ‘నో’

చర్చాంశం: లాస్ ఏంజెలెస్ ఓటర్లు 2022 నవంబరులో ఆమోదించిన ‘మెజర్ యూఎల్ఏ’ అనే ప్రతిపాదన లాంటి ఆస్తి బదిలీ పన్ను (ఆస్తి అమ్మినప్పుడు దాని ధర మీద కట్టేది) కాలిఫోర్నియాలో మీరుండే ఊళ్లోనూ ఓటుకు వస్తే మీరెటు?

మొదటి పోస్టు:

నేను వ్యతిరేకం. ఈ పన్ను డబ్బుతో ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కట్టాలి, అద్దె కట్టలేక రోడ్డున పడబోయేవాళ్లను ఆదుకోవాలి అన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. ఆ డబ్బు ఎవరి దగ్గర, ఏ సమయంలో వసూలు చేస్తున్నారన్నదే నా అభ్యంతరం.

ప్రచారంలో దీన్ని ‘మాన్షన్ ట్యాక్స్’ అన్నారు. ఆ మాట వినగానే హాలీవుడ్ స్టార్ల బంగళాలే కళ్లముందు కనిపిస్తాయి. కానీ చట్టంలో బంగళాలకే అన్న షరతు లేదు. అమల్లోకి వచ్చిన రోజున లెక్క ఇదీ: అమ్మకం ధర 50 లక్షల డాలర్లు దాటితే 4 శాతం, కోటి డాలర్లు, ఆపైన అయితే 5.5 శాతం. అది దుకాణాల కాంప్లెక్స్ అయినా, మామూలు ఉద్యోగులు అద్దెకుండే అపార్ట్‌మెంట్ అయినా అంతే.

40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌ను కోటీ 20 లక్షల డాలర్లకు అమ్మారనుకోండి. పాత బదిలీ పన్ను నగరానికీ కౌంటీకీ (మన జిల్లా లాంటిది) కలిపి 0.56 శాతం, అంటే 67,200 డాలర్లు. దాని మీద యూఎల్ఏ వల్ల అదనంగా 6,60,000. ఫ్లాటుకు 16,500 డాలర్లు పడుతుంది. ఇది లాభం మీద కాదు, మొత్తం ధర మీద. నష్టానికి అమ్ముకున్నా కట్టాల్సిందే. ఈ లెక్క అమ్మే రోజున మొదలవదు. స్థలం కొనేముందే బిల్డర్ వేసుకుంటాడు, అప్పిచ్చే బ్యాంకూ వేసుకుంటుంది. కుదరకపోతే ఈ పన్ను లేని పొరుగూళ్లు బర్‌బ్యాంక్‌కో గ్లెండేల్‌కో వెళ్లిపోతారు. ఇళ్ల కొరతతో అల్లాడే ఊరికి కావలసింది ఇదా?

ఇంకొకటి. ఆ లెక్కలో సరిగ్గా 50 లక్షలకు అమ్మినవాళ్లకు ఈ పన్ను సున్నా. 51 లక్షలకు అమ్మినవాళ్లకు 2,04,000. లక్ష ఎక్కువకు అమ్మినవాళ్ల చేతికే తక్కువ వస్తుంది!

సమర్థిస్తున్న సభ్యుడి జవాబు:

మీ లెక్కలు బాగానే ఉన్నాయి గానీ, మన దగ్గర సంగతి చూడండి. హైదరాబాద్‌లో 60 లక్షల రూపాయల ఫ్లాట్ కొన్న ఉద్యోగి రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం, అంటే నాలుగున్నర లక్షలు కడుతున్నాడు. ఇక్కడ కోట్ల డాలర్ల ఆస్తులున్నవాళ్లు 4 శాతం కడితే తప్పేంటండీ? పైగా 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13 అనే నిబంధన ఆస్తి పన్నును పెద్దగా పెంచనివ్వదు. నగరం ఇంకెక్కడికి పోవాలి? ఫుట్‌పాత్ మీద టెంట్లలో ఉన్నవాళ్లు ఎన్నాళ్లు ఆగాలి?

మొదటి పోస్టు రాసినవారి జవాబు:

మీరు అడిగినవి న్యాయమైన ప్రశ్నలండీ.

మన రిజిస్ట్రేషన్ ఖర్చుల వల్ల ఏం జరుగుతుందో మనకు తెలియంది కాదు. కాగితం మీద ప్రభుత్వ విలువ రాయించి మిగతాది నగదుగా ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. అమ్మకం మీద పన్ను బరువైతే జనం తప్పించుకునే దారి వెతుకుతారు. ఇక్కడ అలా దాచడం కష్టం కాబట్టి, అమ్మడమే మానేస్తున్నారు. యూఎల్ఏతో ఏటా 60 కోట్ల నుంచి 110 కోట్ల డాలర్లు వస్తాయన్నారు. మొదటి ఏడాది ఆ కింది అంకె కూడా రాలేదు. ఈ పన్ను వచ్చాక పెద్ద అమ్మకాలు బాగా తగ్గాయనీ, అపార్ట్‌మెంట్ల నిర్మాణమూ దెబ్బతిందనీ 2025లో ఇక్కడి యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు.

ప్రొపొజిషన్ 13 మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. దాని ప్రకారం ఆస్తి పన్ను కోసం లెక్కగట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. మళ్లీ మార్కెట్ ధరకు లెక్కగట్టేది చేతులు మారినప్పుడే. పాతికేళ్ల కింద కొన్న భవనం ఇప్పుడు అమ్ముడైతే, కొత్త ధర మీద ఒక శాతం చొప్పున ఏటా పన్ను మొదలవుతుంది. అందులో బడులకూ, కౌంటీకీ, నగరానికీ వాటా ఉంటుంది. అమ్మకం ఆగితే ఆ ఆదాయమూ ఆగుతుంది. ఒక చేత్తో తెచ్చిన డబ్బులో కొంత రెండో చేత్తో పోగొట్టుకుంటున్నాం. దశాబ్దాలుగా అమ్మకుండా పట్టుకు కూర్చున్నవాళ్ల మీద మాత్రం ఈ పన్ను పడదు. అసలు సంపద పెరిగింది వాళ్లకే కదా?

టెంట్లలో ఉన్నవాళ్ల గురించి నాకూ బాధ ఉంది. అందుకే ‘ఏ పన్నూ వద్దు’ అనడం లేదు. షికాగోలో 2024 మార్చిలో ఓటుకు పెట్టిన ప్రతిపాదన స్లాబుల పద్ధతిలో ఉంది: 10 లక్షల డాలర్ల వరకు 0.6 శాతం, అక్కడినుంచి 15 లక్షల వరకు ఉన్న భాగానికి 2, ఆపైన ఉన్న భాగానికే 3. అదీ ఓడిపోయింది, కానీ ఆ పద్ధతి న్యాయమైనది. అలా స్లాబులు పెట్టి, కొత్తగా కట్టిన అద్దె ఇళ్లకు తొలి పదిహేనేళ్లు మినహాయింపు ఇచ్చి, నష్టానికి అమ్మినవాళ్లను వదిలేస్తే నా ఓటు ‘యెస్’. యూఎల్ఏనే యథాతథంగా తెచ్చి పెడితే మాత్రం ‘నో’. మీకు ఈ మూడింటిలో ఏది ఒప్పుకోలేనిదో చెప్పండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.