విశాఖలో విడి ఎలక్ట్రానిక్ భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

డాబాగార్డెన్స్ వైపు నేను ఏళ్ల తరబడి విడిభాగాలు కొనుక్కున్న చిన్న ఎలక్ట్రానిక్స్ దుకాణం ఇటీవల మూతపడింది. ఒక్క 7805 రెగ్యులేటర్ గానీ, నాలుగు 1ఎన్4007 డయోడ్లు గానీ అడిగినా విసుక్కోకుండా ఇచ్చే ఆ దుకాణం లేకపోవడంతో, కొద్ది రూపాయల వస్తువుకు ఆన్‌లైన్‌లో అంతకు మించిన రవాణా ఖర్చు పెట్టి, రోజుల తరబడి ఎదురుచూడవలసి వస్తున్నది.

ప్రస్తుతం ఒక పాత ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే పవర్ సప్లై) బాగుచేయడానికి 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు కావాలి. 85 డిగ్రీల సాధారణ రకం సులువుగానే దొరుకుతున్నది. అయితే ఇటువంటి సర్క్యూట్ల అవుట్‌పుట్‌లో అధిక ఫ్రీక్వెన్సీ రిపుల్ కరెంటు (వేగంగా హెచ్చుతగ్గులయ్యే కరెంటు) వల్ల కెపాసిటర్ లోలోపల వేడెక్కుతుంది కనుక, 105 డిగ్రీలు తట్టుకొనే, ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) తక్కువగా ఉండే రకమే వేయవలసి ఉంటుంది. పైగా, కాళ్ల మధ్య దూరమూ ఎత్తూ బోర్డుకు సరిపోతాయో లేదో చేత్తో పట్టుకొని చూసుకొనే వీలు ఆన్‌లైన్‌లో ఎక్కడిది?

జగదాంబ, ద్వారకానగర్, గాజువాక ప్రాంతాలలో ఇలాంటివి విడిగా, నమ్మదగిన కంపెనీవి అమ్మే దుకాణం తెలిసినవారు దయచేసి తెలియజేయగలరు. నగరంలోని టీవీ మెకానిక్‌లు తమ సరుకు ఎక్కడ తెచ్చుకుంటున్నారో చెప్పినా చాలు. ఆ దుకాణం ఆదివారం తెరిచి ఉంటుందో లేదో కూడా తెలిపితే, ఉద్యోగం చేసే నాకు మరింత ఉపయోగపడుతుంది.