ఇంత చిన్న చీమ అంత పీతని ఎలా చంపుద్ది?

ప్రశ్న: క్రిస్మస్ ఐలాండ్‌లో (హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియా వాళ్ళ దీవి) ఎల్లో క్రేజీ యాంట్స్ అనే చీమలు వచ్చి కోట్లలో ఎర్ర పీతల్ని చంపేశాయంట, చీమేమో 4, 5 మిల్లీమీటర్లు, పీత అరచేయంత ఉంటది, ఎలా సాధ్యం? కుడతాయా?

జవాబు: కుట్టవండీ, వీటికి కొండి లేదు. పొట్ట చివర్నుంచి ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతాయి, అది కళ్ళల్లో కీళ్ళ సందుల్లో పడి పీతకి చూపు పోయి కదల్లేక చచ్చిపోతుంది. ఒక్క చీమ వల్ల ఏం కాదు, 1989లో అక్కడ సూపర్ కాలనీ (బోలెడు గూళ్ళు కలిసిపోయిన ఒకే పెద్ద గుంపు) బయటపడింది, రాణులు బోలెడు, పక్క గూడు వాటితో కొట్లాట ఉండదు, ఇక నేలంతా అవే.

జవాబు: నన్నడిగితే అసలు విలన్ పొలుసు పురుగు. చెట్టు రసం తాగి తియ్యటి జిగురు వదుల్తుంది, చీమలకి అదే తిండి, అందుకే దాన్ని కాపాడతాయి. దాన్ని తగ్గించడానికే 2016లో మలేషియా నుంచి తెచ్చిన బుల్లి కందిరీగల్ని వదిలారు, అవి ఆ పురుగులో గుడ్లు పెట్టి చంపుతాయి (మనుషుల్ని కుట్టవు లెండి).

జవాబు: పీతలు పోతే అడవే మారిపోద్ది బ్రో, రాలిన ఆకులూ మొలకలూ తినేది అవే, లేకపోతే కింద అంతా గుబురైపోద్ది.