‘భారీ’ అంటే ఎంతండీ?

గ్రూపులో వార్తలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ ‘భారీ’ అనే మాటని ఇంకెన్నాళ్ళు ఇలా అరగదీస్తారు? పొద్దున్నే ఫోన్ తెరిస్తే వరసపెట్టి భారీ చోరీ, భారీ బందోబస్తు, ఎవరో నిర్మాతకి భారీ ఊరట, ఇంకెవరికో భారీ షాక్, కింద చీరల షాపులో భారీ తగ్గింపు, వీటన్నిటి మధ్యలో ఎక్కడో రేపు కోస్తాలో భారీ వర్షాలు. బరువు దిగితే కదా ఊరట, అది భారీగా ఎలా ఉంటుందో నాకైతే అంతుపట్టలేదు.

విశేషణాలు వాడొద్దని కాదు నేననేది. మన భాషలో కొన్ని విశేషణాలకి భలే పట్టింపు ఉంటుంది. చీకటికి చిమ్మ, కటిక, కారు ఉన్నాయి, అబద్ధానికి పచ్చి ఉంది, పగలుకి పట్ట. వీటిని అటూ ఇటూ మార్చి చూడండి, చిమ్మ అబద్ధం, పచ్చి చీకటి, కారు పగలు... నోరే తిరగదు. ‘భారీ’కి ఆ పట్టింపు లేదు, పిలవని పేరంటానికి కూడా వెళ్ళి ముందు వరసలో కూర్చుంటుంది, అందుకే అది ఉన్నా తీసేసినా వాక్యంలో తేడా తెలీదు.

అసలు బాధేంటంటే పై జాబితాలో ఒక్కచోట మాత్రం ఆ మాటకి కొలత ఉంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, అదీ దాటితే అత్యంత భారీ. ‘మోస్తరు’ అని మనం నిర్లక్ష్యంగా వాడే మాటకి కూడా 15.6 నుంచి 64.4 అని హద్దుంది. అంటే ఆ ‘అతి’ సోకుకి తగిలించింది కాదు, భారీ ఎక్కడ మొదలవుతుందో దానికి దాదాపు రెట్టింపు దగ్గర మొదలయ్యే వాన. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు, ఖమ్మంలో మున్నేరు పొంగి ఎంత పని చేశాయో చూశాక కూడా, చీరల తగ్గింపుకీ ముంచే వానకీ ఒకటే మాట వాడుతుంటే చదివేవాడి కన్ను దాని మీద ఎందుకు ఆగుతుంది చెప్పండి.

నీటిపారుదల వాళ్ళకీ లెక్కుంది. సాగుకి వీలైన ఆయకట్టు 10,000 హెక్టార్లు దాటితేనే భారీ ప్రాజెక్టు, 2,000 దాటి ఆ లోపు మధ్యతరహా, తక్కినవి చిన్నతరహా.

*

అన్నా, మీరు జెప్పింది కరెక్టే గానీ మా బాధ గూడ జర వినుండ్రి. నేను పేపరు డెస్కుల, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే కాడ, చాన్నాళ్ల సంది చేస్తున్న. సింగిల్ కాలం హెడ్డింగుల పట్టేవి గిన్నే అక్షరాలు, అండ్ల ‘భారీ’ రెండే తింటది. రిపోర్టరు పంపే కాపీ ఏమో ‘అత్యంత దారుణమైన ఘోర రోడ్డు ప్రమాదం’ అని వస్తది, అన్నీ కొట్టేసి ‘ఘోర’ ఒక్కటుంచుతం. నలుగురు సచ్చిపోయిన్రని కిందనే ఉన్నంక ఆ ‘ఘోర’ గూడ ఎందుకో అని అనిపిస్తది, కానీ తీస్తే పక్క పేపర్ల ఉంటదాయె.

*

నేను హైస్కూల్లో తెలుగు చెప్తానండీ. పిల్లల వ్యాసాల్లో ఇదే గోల. ‘మా ఊరు’ అని రాయమంటే అందమైన ప్రకృతి, ఆహ్లాదకరమైన వాతావరణం, పచ్చని పొలాలు, స్వచ్ఛమైన గాలి, ఏ ఊరికైనా అంటించేయొచ్చు. మొన్న ఒక పిల్ల మాత్రం ‘మా చెరువు గట్టు మీద నీళ్ళలోకి వంగిన ఈతచెట్టు ఉంది, దాని మీంచే అందరూ దూకుతారు’ అని రాసింది. ఆ ఊరు కళ్ళకి కట్టింది నాకు. మార్కులు మాత్రం ఆహ్లాదకరమైన వాతావరణానికే ఎక్కువ పడతాయి, గైడ్లు అలా తయారుచేశాయి మరి.

*

టీచర్‌గారూ, ఆ ‘వంగిన’ చూశారా, వ్యాకరణంలో ధాతుజ విశేషణం అంటామే, తెలుగు బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. కారే చూరు, ఎండిన చెరువు, ముక్కుపచ్చలారని బిడ్డ. క్రియలోంచి పుట్టింది కాబట్టి దాంట్లో ఏదో ఒకటి జరిగుంటుంది. ‘అందమైన’లో ఏమీ జరగలేదు, రాసినాయన మెచ్చుకున్నాడు, అంతే.

వాన సంగతే తీసుకోండి, విశేషణం జోలికి పోకుండానే తుంపర, జల్లు, జడివాన, కుండపోత, ముసురు. ముసురు పట్టిందంటే ఎన్నాళ్ళ సంగతో, బట్టలు ఎందుకు ఆరలేదో కూడా అర్థమైపోతుంది. రైతు ‘పదునైంది’ అంటే దుక్కికి చాలినంత పడిందని. టీవీవాళ్ళేమో రోడ్డు మీద మోకాలెత్తు నీళ్ళు నిలిస్తే జలప్రళయం అంటారు, రేపు నిజంగా ఊరు మునిగితే ఏ మాట మిగిలిందని వాళ్ళ దగ్గర?

డెస్క్ తమ్ముడూ, మీకు చోటు తక్కువే, ఒప్పుకుంటా. ‘భారీ వర్షం’ బదులు ‘10 సెం.మీ. వాన’ అని పెట్టొచ్చుగా, చోటు కూడా పెద్దగా పెరగదు.

*

పెట్టొచ్చన్నా, పెడ్తం గూడ. కాకపోతే వాతావరణ శాఖ రోజు లెక్క పొద్దుగాల 8.30కి ముగుస్తది, గప్పటికే మా పేపరు మీ ఇంట్ల పడి ఉంటది. రాత్రి ఎడిషన్ పంపేటప్పుడు బయట దంచికొడ్తనే ఉంటది, ఎంత పడ్డదో పూర్తి లెక్క చేతిల ఉండదు. గప్పుడు ‘భారీ’యే దిక్కు. చీరల షాపోళ్ళకైతే మీరే చెప్పుండ్రి, ఆ యాడ్ల జోలికి పోతే మా జీతాలు రావు.