అమ్మ పాత మంగళగిరి చీరతో వేసవి టాప్: కత్తెర పెట్టే ముందు సలహా చెప్పండి

బెజవాడ ఎండ
అమ్మ పదిహేనేళ్లు కట్టిన మంగళగిరి నూలు చీర నా దగ్గరుంది. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది. ఈ ఎండలకి ఇంతకంటే హాయైన బట్ట ఉండదు. చేతుల్లేని టాప్ కుట్టుకుందామని ఆశ. టైలర్ దగ్గరికి తీసుకెళ్తే "పాత బట్టండీ, చిరిగితే నన్నంటారు" అని తిప్పి పంపేశాడు. ఇంట్లో మిషన్ ఉంది, కానీ దిండు గలీబులు తప్ప ఏమీ కుట్టలేదు. ఎక్కడ కత్తిరించాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

మిషన్ మీద ముప్ఫై ఏళ్లు
ముందు చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడమ్మా. వెలుగులో జల్లెడలా కనిపించిన చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీసెయ్యి. కుచ్చిళ్లు, ఫాల్ వేసిన అంచు, భుజం మీద పిన్ను గుచ్చిన చోటు మామూలుగా పోయి ఉంటాయి. చీర ఐదున్నర మీటర్లు కదా, లోపలి చుట్టు, పైట చివర చాలావరకు గట్టిగా ఉంటాయి. అక్కడ కూడా రెండు బొటనవేళ్లతో పట్టి లాగి చూడు. చిరచిరమంటే ఆ ముక్క వదిలెయ్యి.

సూది 11 నంబరుది, కొత్తది వెయ్యి. కుట్టు మరీ సన్నగా పెట్టొద్దు. దగ్గర దగ్గరగా చిల్లులు పడితే తపాలా బిళ్ల అంచులా ఆ గీత మీదే చిరుగుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో మా అత్తగారి వెంకటగిరి చీర అలాగే పాడుచేశాను. ఇప్పటికీ బాధే.

నల్గొండ కోడలు
గంజి పూర్తిగా వదిలించాకే కత్తిరించండి అక్కా. నేను గంజి మీదే కొలతలు వేసి కుట్టేశాను. మొదటి ఉతుకుకే బట్ట మెత్తబడి మెడ సాగి భుజం మీంచి జారిపోయింది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి ఆరేసి, అప్పుడు ఇస్త్రీ చేయండి.

సూదీ దారం
అంచు టాప్ కింది వైపుకి రావాలంటే చీరని అడ్డంగా వాడాలి. వెడల్పు 45 అంగుళాల దాకా ఉంటుంది. 26 అంగుళాల టాప్ తీసినా పై అంచు ముక్క మిగులుతుంది, దాన్ని జేబుకో వీపు పట్టీకో వాడొచ్చు. జరీ మాత్రం చంక దగ్గరికి, మెడ దగ్గరికి రానివ్వకండి. చెమట పట్టినప్పుడు గీరుకుంటుంది.

లైనింగ్‌కి కొత్త బట్ట కొనకండి. అది ఉతికితే కుంచించుకుపోతుంది, పాత చీర అలాగే ఉంటుంది. అప్పుడు టాప్ అంతా ఉబ్బి ముడతలు పడుతుంది. నేను నాన్నగారి పాత పంచె వేశాను, రెండు వేసవులు గడిచినా చెక్కుచెదరలేదు.

డల్లాస్ అమ్మాయి
ఇక్కడ చీర దొరక్క మావారి నూలు చొక్కాతో కుట్టాను. కాలరు, కఫ్‌లే పోతాయి, వీపు భాగం కొత్తదానిలా ఉంటుంది. గుండీల పట్టీ అలాగే ఉంచేస్తే కాజాల పని తప్పుతుంది.

బెజవాడ ఎండ
కుట్టేశానండీ! చంక కింద బిగుతై పట్టుకుంది, మిగిలిన బట్టలోంచి నలుచదరం ముక్క వేసి వదులు చేశాను. వెలుగులో చూస్తున్నప్పుడు పైట దగ్గర అమ్మ చేత్తో చేసిన రఫూ కనిపించింది. చిన్న గోరంత. దారం రంగు ఓ వీసం తేడా. దాన్ని తప్పించకుండా, వెనక పంచె ముక్క వేసి, ఎదురుగానే వచ్చేలా కత్తిరించాను. అమ్మ వేలితో తడిమి "ఇది నువ్వు కడుపులో ఉన్నప్పుడు కట్టిన చీరకి చేశాననుకున్నానే, దీనికా!" అంది.

కుచ్చిళ్ల భాగం రెండు మీటర్లు మిగిలింది. బాగా పలచగా ఉంది, దేనికైనా పనికొస్తుందా?

మిషన్ మీద ముప్ఫై ఏళ్లు
పారెయ్యకమ్మా. ఇంట్లో ఎవరికైనా కాన్పు ఉంటే నాలుగు మడతలు వేసి పొత్తిగుడ్డలు చెయ్యి. పసిపిల్లల ఒంటికి అంత మెత్తన బట్ట కొత్తదాంట్లో రాదు.

బెజవాడ ఎండ
మా చెల్లికి శ్రావణంలో కాన్పండీ. రేపే ఉతికి ఆరేస్తాను.