అప్‌డేట్: కొత్త టర్బో కారులో 700 కి.మీ.కే ఆయిల్ తగ్గిన సంగతి తేలింది

మొన్న అడిగాను కదా, కొత్త టర్బో పెట్రోల్ కారు, 700 కిలోమీటర్లకే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఇంజిన్ ఆయిల్ సగానికి దిగింది, పైగా మాడు వాసన అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, ఇప్పుడు 2,300 కి.మీ. దాటింది.

సర్వీస్ వాళ్లు ఆయిల్ ఫుల్ మార్కు దాకా పోసి, క్యాప్‌కి సీల్ వేసి 1,000 కి.మీ. తిప్పి తీసుకురమ్మన్నారు. ఈసారి దాదాపు తగ్గలేదు. మొదట్లో తగ్గింది పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి అప్పటికింకా సరిగ్గా కూర్చోకపోవడం వల్లే అన్నారు. నేనేమో హైదరాబాద్ ఔటర్ మీద క్రూయిజ్ కంట్రోల్ పెట్టి 100 స్పీడులో, ఒకే ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ తిరిగే వేగం) మహా జాగ్రత్తగా తిప్పుతున్నా, అదే తప్పంట. మీలో ఒకాయన చెప్పినట్టు రెండు ఆదివారాలు అనంతగిరి ఘాట్‌కి పోయి, ఇంజిన్ వేడెక్కాక 2,000 నుంచి 4,000 మధ్య పెంచుతూ తగ్గిస్తూ, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీదే దింపుకుంటూ నడిపా, పనిచేసింది.

ఇంకోటి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, సగానికి దిగిందన్నది కూడా కొంత నా పొరపాటే, మా సెల్లార్ ర్యాంప్ మీద ఏటవాలుగా ఆపి చూశా, అలా చూస్తే డిప్‌స్టిక్ లెక్క తప్పుతుంది. వాసన ఎగ్జాస్ట్ పైపు మీద కోటింగ్ కాలడం, దానంతటదే పోయింది. మధ్యలో నేను వాడిన 95 ఆక్టేన్ (ప్రీమియం) పెట్రోల్‌కీ, అడిటివ్‌కీ (పెట్రోల్‌లో కలిపే మందు) ఈ ఆయిల్ తగ్గడానికీ ఏం సంబంధం లేదు, 1,800 రూపాయలు దండగ.