పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌కి లాంగ్ కాంట్రాక్ట్ ఇవ్వొచ్చా? కొంచెం చెప్పండి

అందరికీ నమస్తే, నేను షార్లెట్‌లో ఉంటాను, క్రికెట్ తప్ప ఏమీ తెలియకుండా వచ్చి ఇప్పుడు ఆదివారం పాంథర్స్ (మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్) మ్యాచ్ చూడకపోతే అన్నం సహించని స్టేజ్‌కి వచ్చేశాను. 2023 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేది) మొదటి పిక్ కోసం రిసీవర్ (బాల్ అందుకునే ఆటగాడు) డీజే మూర్‌ని, బోలెడు పిక్స్‌నీ బేర్స్ టీమ్‌కి ఇచ్చేసి మరీ బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా ఈ యంగ్ కుర్రాడిని తెచ్చారు కదా, ఆ ఏడాది 2 గెలిచి 15 ఓడిపోయాం, 62 సార్లు శాక్ అయ్యాడు (బాల్ విసిరేలోపే పడగొట్టేశారు) పాపం, ముందు కాపాడే లైన్ అలా ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? 2024లో రెండు మ్యాచ్‌లకే బెంచ్ మీద కూర్చోబెట్టి ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్‌ని దింపారు, నాకైతే ఏడుపొచ్చినంత పనైంది. కానీ తిరిగొచ్చాక వేరే మనిషిలా ఆడాడు. 2025 నవంబర్‌లో ఫాల్కన్స్ టీమ్ మీద త్రోలతో 448 యార్డులు సాధించాడు, ఒక మ్యాచ్‌లో అది మన టీమ్ రికార్డు.

నా డౌట్ ఏంటంటే, ఒక వారం అలా ఆడి తర్వాతి వారం బాల్ పదిహేను గజాలు కూడా దాటనివ్వడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే కాబట్టి మధ్యలోకి వేసే త్రోలు కనపడట్లేదా, లేక మన రిసీవర్ మెక్‌మిలన్ పక్కన ఇంకో మంచి రిసీవర్ లేకపోవడం వల్లా? మన పాత క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ని వదిలేస్తే టాంపా టీమ్‌లో ఎంత బాగా ఆడాడో చూశాం, అందుకే భయం. ఇప్పుడే పెద్ద కాంట్రాక్ట్ ఇస్తే డిఫెన్స్‌కి డబ్బు మిగులుతుందా? శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకి ఉండే పరిమితి) లెక్కలు తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్, ఇంకో ఏడాది చూడటమే మంచిదంటారా?