పర్కోలేషన్‌కి, అంటువ్యాధులకి లింకేంటి?

ప్రశ్న: ప్లాస్టిక్‌లో కార్బన్ పొడి కలిపితే కరెంట్ పాస్ అవడానికీ, జబ్బు పాకడానికీ ఒకటే లెక్క అంటున్నారు, ఎలాగండీ?

రిప్లై: చదరపు గళ్ళ వల ఊహించుకోండి, ఒక్కో గీత తెరిచి (అంటే దాటనిచ్చేలా) ఉండే ప్రాబబిలిటీ సగం దాటేదాకా అన్నీ విడివిడి ముక్కలే, దాటగానే వలంతా పాకే ఒక పెద్ద గుంపు వచ్చేస్తుంది, ఇలా దారి పడడాన్నే పర్కోలేషన్ అంటారు. ఆ సగాన్ని గణితవేత్త హ్యారీ కెస్టెన్ 1980లో ప్రూవ్ చేశారు, ఎంత అందమైన రిజల్టో! కార్బన్ కూడా అంతే, రేణువులు కలిసి ఈ చివర నుంచి ఆ చివరకి దారి పడ్డాకే కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

రిప్లై: జబ్బులో గీత అంటే ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోవడం, వ్యాక్సిన్ వేస్తే ఆ మనిషి దగ్గర దారి తెగినట్టే. తట్టు అయితే ఇమ్యూనిటీ లేనిచోట ఒక్కరి నుంచి 12–18 మందికి అంటుతుంది, అందుకే 95 శాతం మందికి వేయాలంటారు.

ప్రశ్న అడిగినవారు: మరి మనుషులు గళ్ళలో ఉండరు కదండీ?

రిప్లై: ఉండరు, అందుకే కాంటాక్ట్ నెట్‌వర్క్ (ఎవరు ఎవరిని కలుస్తారో చూపే వల) మీద లెక్కేస్తారు, ఎక్కువమందిని కలిసేవాళ్ళకి ముందు వేస్తే తక్కువ డోసులతోనే ఆపొచ్చు.